నాలుగు ఫోటోలు, గుప్పెడు స్టిక్కర్లు, ఒక పేజీ

మొదటిసారి నేను "స్టిక్కర్లు కావాలి" అన్నప్పుడు మా అత్తగారు లేచి వెళ్లి, బీరువా అద్దానికి అంటించుకున్న బొట్టుబిళ్లల్లోంచి రెండు తీసి తెచ్చి నా చేతిలో పెట్టారు. "మెరూన్ చాలా, నల్లవి కూడా ఇవ్వనా?" అని అడిగారు. మన ఇళ్లలో స్టిక్కరంటే బొట్టే కదా మరి. హైదరాబాద్ నుంచి వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు మాత్రం ఒంటికొమ్ము గుర్రాలు, ఇంద్రధనుస్సులు, తళుకు నక్షత్రాలు ఉన్న షీట్లు డజను సూట్‌కేసులో పెట్టుకుని వచ్చింది. వాళ్లిద్దరి మధ్యా కూర్చుని, డైనింగ్ టేబుల్ మీద మా ఇంటి మొదటి స్క్రాప్‌బుక్ పేజీ చేశాను. స్క్రాప్‌బుక్ అంటే ఫోటోలు అంటించి, పక్కన వాటి కబుర్లు రాసుకునే పుస్తకం. ఘోరంగా వచ్చింది. ఫోటోలో మనుషుల కంటే గుర్రాలు ఎక్కువైపోయాయి.

ఏడేళ్ల కిందటి మాట ఇది. ఇప్పటికి మూడు పుస్తకాలు పూర్తయ్యాయి, నాలుగోది నడుస్తోంది. విశాఖ అక్కయ్యపాలెంలో మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు అవి బయటికి వస్తాయి. "మేమూ చేసుకుందామనుకుంటున్నామండీ, ఎలా మొదలెట్టాలి?" అని అడిగేవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గి, ఇలా ఒకచోట రాస్తున్నాను. డబ్బు పెద్దగా అవసరం లేదు. టేబుల్ మాత్రం రెండు రోజులు ఖాళీగా ఉండాలి. మా ఇంట్లో అదే అన్నిటికంటే కష్టం.

ఒక పేజీ, ఒక సంగతి

"అరకు ట్రిప్" అనేది సంగతి కాదు. అది ఫోన్‌లో ఉన్న 240 ఫోటోలు. రైలు అద్దాల పెట్టెలో కిటికీ పక్క సీటు కోసం నెల ముందే టికెట్ తీసుకుని, తీరా రైలెక్కాక బొర్రా గుహలు దాటేదాకా మా వారు గుర్రుపెట్టి నిద్రపోవడం, అదీ సంగతి. దానికి మూడు ఫోటోలు చాలు. పెట్టె ఎక్కుతూ నవ్వుతున్నది ఒకటి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నది ఒకటి, ఆయన చూడని లోయ ఒకటి. పేజీ తిప్పినవాళ్లు నవ్వుతారు. ఆయన మాత్రం ఇప్పటికీ "కళ్లు మూసుకున్నానంతే" అంటారు.

ఫోటోలు ఏరేటప్పుడు నేను మూడు రకాలు చూసుకుంటాను. మనిషి దగ్గరగా ఉన్నది ఒకటి, చోటు కనిపించేది ఒకటి, ఏదైనా చిన్న వస్తువుది ఒకటి. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. బీచ్‌లో మురీ మిక్స్చర్ పొట్లం పట్టుకున్న చెయ్యి, గుడి బయట విడిచిన చెప్పుల గుట్ట, పెళ్లింట్లో కడిగి బోర్లించిన గుండిగలు. ఇలాంటి ఫోటో లేకపోతే పేజీ పాస్‌పోర్టు ఫోటోల షీట్‌లా ఉంటుంది. అందరూ కెమెరా వైపు చూసే ఫోటోలు పేజీకి రెండు దాటితే బోరు. ఇది నా అభిప్రాయం. మా అమ్మాయి ఒప్పుకోదు.

కత్తెర జోలికి పోయే ముందు

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే చెప్పేస్తాను, మీరు చెయ్యకుండా ఉంటారని.

1986లో వన్‌టౌన్‌లో మా పుట్టింటి ముందు తీసిన ఫోటో ఒకటి ఉండేది. అమ్మ, అన్నయ్య, నేను. రంగులు వెలిసి అంతా ఎర్రగా అయిపోయింది. వెనకాల పెంకుటింటి అరుగు, సగం కనిపిస్తున్న సైకిలు చక్రం, తలుపు పక్కన ఏదో కిరోసిన్ డబ్బా. నా కంటికి అదంతా చెత్తగా కనబడింది. టీ గ్లాసు బోర్లించి పెన్సిల్‌తో చుట్టూ గీసి, మూడు ముఖాలూ గుండ్రంగా కత్తిరించాను. చుట్టూ బంగారు రంగు పూల స్టిక్కర్లు అంటించాను. చూసినవాళ్లంతా ముచ్చటగా ఉందన్నారు. సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. ఆ పేజీ చాలాసేపు చూశాడు. "ఇల్లేదే?" అన్నాడు.

ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టి 20 ఏళ్లు దాటింది. దాని ఫోటో ఇంకెవరి దగ్గరా లేదని ఆ రోజే మా ఇద్దరికీ తెలిసింది. అప్పటికి ఆ కత్తిరించిన ముక్కలు చెత్తబండి ఎక్కి నాలుగు నెలలైంది.

అందుకని, పాత ఫోటో అసలుదాన్ని కత్తిరించకండి, అంటించకండి కూడా. ముందు దానికి కాపీ తీసుకోండి. స్కానర్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. లేకపోతే ఫోన్ చాలు. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, బల్ల మీద ఫోటో పరిచి, ఫోన్‌ని దానికి సరిగ్గా పైన, సమానంగా పట్టుకుని, ఫ్లాష్ ఆపేసి తీయండి. మెరుపు పడుతుంటే ఫోటోని కాస్త తిప్పండి. మూలలు పైకి లేస్తే నాలుగు చిల్లర నాణేలు పెట్టండి, అంచుల మీదే. ఆ కాపీని ప్రింట్ వేయించి పేజీకి వాడండి. అసలుది కవర్లో పెట్టి దాచండి. కత్తిరింపులైనా, గుండ్రాలైనా, మీ సరదాలన్నీ కాపీ మీద తీర్చుకోండి.

ఫోటోలో మనుషుల వెనకాల ఏముందో చూడటం అలవాటైతే ఇంకో లాభం ఉంది. తేదీ లేని ఫోటోలకు ఏడాది అంచనాగా దొరుకుతుంది. మన బీచ్ రోడ్డు ఫోటోలకైతే ఇది మరీ సులువు. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కురుసుర సబ్‌మెరైన్ కనబడిందా, అయితే అది 2002లో మ్యూజియం తెరిచాక తీసినదే అనుకోవచ్చు, ఒకటి రెండు నెలలు అటూ ఇటూ. రోడ్డుకు ఇవతల టీయూ-142 విమానం కూడా ఉంటే 2017 తర్వాతది. కైలాసగిరి మీద చెట్లన్నీ మోడులై ఉంటే 2014 అక్టోబరు, హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజులు. ఫోటో మూలన నారింజ రంగులో పడే తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ మార్చినప్పుడు కెమెరాలో తేదీ సరిచెయ్యకపోతే అది ఏదో ఒకటి ముద్రిస్తుంది. మా అమ్మాయి అన్నప్రాశన ఫోటో మీదున్న తేదీ ప్రకారం అది తను పుట్టకముందే జరిగింది.

ప్రింట్లు

ఫోన్ ఫోటోలు ప్రింటుకు ఇచ్చి, తలలు తెగి వచ్చాయని బాధపడనివాళ్లు లేరు. కారణం చిన్నదే. మామూలు ఫోన్ ఫోటో 4:3 కొలతలో ఉంటుంది. మనం వేయించే 4×6 అంగుళాల కాగితం 3:2. కాగితం నిండాలంటే ల్యాబ్‌లో అడ్డంగా తీసిన ఫోటోకి పైనా కిందా, నిలువుగా తీసినదానికి పక్కలా కొంత కోసేస్తారు. కాబట్టి ఇచ్చేటప్పుడే "కట్ చెయ్యకుండా, తెల్ల అంచు వదిలి వెయ్యండి" అని చెప్పండి. స్క్రాప్‌బుక్‌కి ఆ తెల్ల అంచు అందంగానే ఉంటుంది. ఇష్టం లేకపోతే మీరే స్కేలు పెట్టి కోసుకోవచ్చు.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటో తగ్గిపోయి వస్తుంది. పంపేవాళ్లని "డాక్యుమెంట్‌గా పంపు" అని అడగండి. 4×6 ప్రింట్ బాగా రావాలంటే ఫోటో కనీసం 1200×1800 పిక్సెళ్లు ఉంటే నిశ్చింత. మ్యాట్, అంటే మెరుపు లేని కాగితం మీద వేయించండి. మెరిసే గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి. మన ఊళ్లో చెమట చేతులతో మరీను.

చిన్న ఫోటోలు కావాలంటే ఒక 4×6 కాగితం మీద నాలుగు ఫోటోలు పేర్చి వేయమనండి. ఒక్కొక్కటి సరిగ్గా 2×3 అంగుళాలు వస్తుంది, కొంచెం కూడా వృథా కాదు. ఏ4 పేజీకి ఒక పెద్ద ప్రింట్, రెండు మూడు ఇలాంటి బుల్లివి. నా పేజీలన్నీ దాదాపు ఈ లెక్కలోనే ఉంటాయి. విదేశాల్లో 12×12 అంగుళాల చదరపు పుస్తకాలు వాడతారు. నేనూ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. దానికి సరిపడే కవర్లు ఇక్కడ దొరక్క, బీరువా అరలో పట్టక, చివరికి మా మనవరాలి డ్రాయింగ్ పుస్తకమైంది. మనకి ఏ4 హాయి. ఏ జిరాక్సు షాపులోనైనా స్పైరల్ వేసిస్తారు.

కాగితం, జిగురు

జిరాక్సు కాగితం 70, 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటుంది. ఫోటో బరువుకి వంగిపోతుంది. 200 జీఎస్‌ఎం దాటిన కార్డు షీటు తీసుకోండి. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు పెద్ద స్టేషనరీ షాపుల్లో అడిగితే చూపిస్తారు. కవరు మీద "యాసిడ్ ఫ్రీ" అని ఉందేమో చూడండి. న్యూస్‌పేపరు కొన్నాళ్లకే పసుపెక్కుతుంది కదా, చౌక కాగితాలన్నిటికీ కాస్త ఆలస్యంగా పట్టే గతి అదే. పక్కనున్న ఫోటోకీ ఆ మరక తగులుతుంది. అందుకే పేపరు కటింగ్ పెట్టాలంటే దాన్ని మంచి కాగితం మీద జిరాక్సు తీసి పెట్టండి. బస్సు టికెట్లు, హోటల్ బిల్లులకీ ఇదే మాట. మెషీన్లోంచి వచ్చే ఆ నున్నటి బిల్లు మీద అక్షరాలు ఏడాది రెండేళ్లలో మాయమైపోతాయి. మా పెళ్లిరోజు భోజనం బిల్లు ఇప్పుడు ఉత్త తెల్ల కాగితం.

జిగురు విషయంలో నీళ్లున్నదేదీ ఫోటో వెనక రాయకండి. ఫెవికాల్ చెక్కకి మంచిది. ఫోటోకి రాస్తే కాగితం తడి పీల్చుకుని అలలు అలలుగా లేస్తుంది. చిన్నప్పుడు అన్నం మెతుకుతోనూ, మైదా ఉడికించిన బంకతోనూ అంటించేవాళ్లం. ఆ బంక కోసం పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు కాగితాన్ని, ఫోటోని కలిపి తినేస్తాయి. గ్లూ స్టిక్, సన్నటి డబుల్ సైడ్ టేపు, ఈ రెండూ ఉంటే చాలు.

అన్నిటికంటే మంచిది ఫోటోకి అసలు జిగురే తగలకుండా మూలల్లో దోపడం. నల్ల అట్టల పాత ఆల్బమ్‌లలో ఉండేవే, ఆ బుల్లి త్రికోణాలు. కొనక్కర్లేదు. 4 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు కాగితం ముక్క తీసుకోండి. పైనున్న రెండు మూలలనీ కింది అంచు మధ్యకి మడవండి, పిల్లలు కాగితం విమానానికి మొదటి మడత పెట్టినట్టు. త్రికోణం వస్తుంది. మడతలున్న వైపు జిగురు రాసి పేజీకి అంటించండి. ఫోటో మూలని లోపలికి దోపండి. నాలుగు మూలలకీ నాలుగు. తర్వాత ఎప్పుడు కావాలన్నా ఫోటో బయటికి తీసి వెనక రాసింది చదువుకోవచ్చు. నేను వీటిని పాత శుభలేఖల నుంచి చేస్తాను. ఆ బంగారు గీతల కాగితం కొనాలంటే ఖరీదు, ఇంట్లో మాత్రం కట్టలున్నాయి. ఒక్కటే, శుభలేఖ మీది వినాయకుణ్ణి కత్తిరించకూడదని మా అత్తగారి ఆర్డరు. దేవుడి బొమ్మ ఉన్న ముక్క అలాగే తీసి పక్కన పెడతాను. చుట్టూ ఉన్న లతలు, కలువపూలు నావి.

జిగురు గీతల ఆల్బమ్ ఉంటే

90ల్లో మనందరికీ ఉన్న ఆల్బమ్‌లు గుర్తున్నాయా, అట్ట మీద జిగురు గీతలు, పైన ప్లాస్టిక్ పొర? మీ ఇంట్లో ఇంకా ఉంటే ముందు వాటి సంగతి చూడండి. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి గట్టిపడుతుంది, ఫోటో ఇక రాదు. లాగకండి. ఒక మూల నుంచి ఫోటోకీ అట్టకీ మధ్యన సన్నటి గట్టి దారం, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారమైతే మరీ మంచిది, పెట్టి రంపంలా నెమ్మదిగా అటూ ఇటూ జరుపుకుంటూ రండి. మొండికేస్తే అట్ట వెనక నుంచి హెయిర్ డ్రయర్ కాస్త వేడి చూపించండి. అప్పటికీ రాకపోతే వదిలేసి, ఉన్నచోటే ఫోన్‌తో కాపీ తీసుకోండి.

హుద్‌హుద్ నాడు, 2014 అక్టోబరు 12 ఆదివారం, మా కిటికీ అద్దాలు పగిలి గూట్లో ఉన్న ఆల్బమ్‌ల మీదికి వాన కొట్టింది. కరెంటు లేదు, కుళాయి లేదు, పాలు లేవు. ఆల్బమ్‌లు గుర్తొచ్చింది ఆరో రోజున. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా అయ్యాయి. నేను వాటిని అలాగే డాబా మీద ఎండలో పెట్టి, ఎండాక విడదీశాను. ఒక ఫోటో ముఖం ఇంకో ఫోటో వీపుకి అతుక్కుని ఊడొచ్చింది. తర్వాత తెలిసింది, చెయ్యాల్సింది సరిగ్గా దీనికి రివర్సని. తడిసి అంటుకున్న ఫోటోల్ని విడదీయకముందు ఆరనివ్వకూడదు. శుభ్రమైన చల్లటి నీళ్ల పళ్లెంలో వేసి, అవి వదులయ్యేదాకా ఆగి, ఒక్కొక్కటీ మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో పరిచి ఆరబెట్టాలి. బొమ్మ మీద గుడ్డతో తుడవకూడదు. మళ్లీ తుఫాను హెచ్చరిక వస్తే ముందు ఆల్బమ్‌లు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించండి, తర్వాత కొవ్వొత్తులు కొనుక్కోండి.

పేర్చడం, స్టిక్కర్లు

ఇక అసలు పని. ఫ్యాన్ కింద కూర్చుంటే ముక్కలన్నీ ఎగిరిపోతాయి, ఫ్యాన్ లేకపోతే మనం ఉండలేం. నేను పొద్దున్న ఐదున్నరకి, చల్లగా ఉన్నప్పుడు కూర్చుంటాను. అయినా చాలకపోతే ఫ్యాన్ ఒకట్లో పెట్టి, ముక్కల మీద స్టీలు గ్లాసులు పెడతాను. జోరుగా వాన పడుతున్న రోజుల్లో మాత్రం అంటించే పని పెట్టుకోను. జిగురు ఆరదు, కాగితం మెత్తబడి ఉంటుంది. మా ఊరికి డిసెంబరు, జనవరి మంచి కాలం.

జిగురు మూత తీయకముందే అన్నీ పేజీ మీద ఊరికే పేర్చండి. బైండింగ్ వైపు అంగుళం వదలండి. మరిచిపోతే స్పైరల్ చిల్లులు ఎవరో ఒకరి చెవిలోంచి పోతాయి. పేర్చింది నచ్చితే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆ ఫోటోలో చూస్తే తప్పులు భలే కనబడతాయి, టేబుల్ మీద కనబడవు. ఒక రాత్రి అలా వదిలేసి తెల్లారి మళ్లీ చూడండి. అప్పుడు అంటించండి.

స్టిక్కర్లు ఆఖరున. ఇది మనవరాలితో మూడు సెలవులు కొట్లాడి సాధించుకున్న నియమం. స్టిక్కర్ చూపు తిప్పడానికి. ఖాళీ కనబడిందని నింపడానికి కాదు. ఒక పేజీ ఎలా చేశామో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మా తోటికోడలి కొడుకు రెండేళ్ల కిందట మొదటిసారి సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాడు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు తొలిపావంచా (కొండ కింది మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. చెప్పుల్లేకుండా. మర్నాడు మా ఇంటికి వచ్చి సోఫాలో పడ్డాడు. వాడి దగ్గర ఫోటోలు నాలుగే: బయల్దేరేటప్పుడు స్నేహితులతో, అప్పుఘర్ దగ్గర సముద్రంలో తడిసి, దారిలో ఎవరో ఇచ్చిన మజ్జిగ గ్లాసు, మా సోఫా మీద పొక్కులెక్కిన అరికాళ్లు. పేజీని అడ్డంగా తిప్పాం. మధ్యలో ఏమీ పెట్టలేదు, కొండకి వదిలేశాం. దాని చుట్టూ పెన్సిల్‌తో ఒక వంకర గీత, అదే దారి. నాలుగు ఫోటోలూ ఆ గీత పక్కన వరసగా. గీత మీద హనుమంతవాక, అప్పుఘర్, గోపాలపట్నం వచ్చేచోట ఒక్కో ఎర్ర బొట్టుబిళ్ల, మా అత్తగారి ప్యాకెట్‌లోంచే. మనవరాలు నక్షత్రాల షీటు పట్టుకుని వచ్చింది. "అమ్మమ్మా, మామయ్య గెలిచాడు కదా, స్టార్స్ పెడదాం." వద్దని చెప్పి, ఏం పెడితే బాగుంటుందో ఆలోచించు అన్నాను. కాసేపటికి మందుల డబ్బాలోంచి బ్యాండ్‌ఎయిడ్ తెచ్చి, అరికాళ్ల ఫోటో పక్కన ఏటవాలుగా అంటించింది. పేజీ మొత్తానికి అంతకు మించిన స్టిక్కర్ లేదు. ఆ రోజు నుంచి దానికి సలహాలివ్వడం మానేశాను.

స్టిక్కర్లు కొనేటప్పుడు పలచటి కాగితంవి ఎంచుకోండి. కురుపాం మార్కెట్ సందుల్లో ఫ్యాన్సీ షాపులు తిరిగితే రకరకాలు కనబడతాయి, చెయ్యి ఆగదు, నాకు తెలుసు. ఉబ్బెత్తు స్పాంజివి, రాళ్లు పొదిగినవి పుస్తకం మూస్తే ఎదురు పేజీ ఫోటో మీద నొక్కుకుని గుంటలు పడతాయి. తళుకు పొడివి రాలి ఫోటోల మీద గీతలు పెడతాయి. మఖమలు బొట్టుబిళ్లల జిగురు మన ఉక్కపోతకి కొన్నాళ్లకే ఊడిపోతుంది, కాబట్టి వెనక గ్లూ స్టిక్ ఒకసారి అద్దండి. స్టిక్కర్ ఎక్కడ పెట్టాలో తేలక తీసి పెట్టి తీసి పెట్టి చేసేవాళ్లకి ఒక కిటుకు: ముందు దాన్ని చీర కొంగుకో చొక్కాకో ఒకసారి అద్ది తీయండి. పట్టు కాస్త తగ్గుతుంది, కాగితం చిరక్కుండా మళ్లీ తీయొచ్చు. నచ్చిన చోటు తేలాక గట్టిగా నొక్కండి. ఫోటో మీద మాత్రం స్టిక్కర్ వద్దు. ముఖాల మీద ఎవరూ పెట్టరులెండి. వెనకాల ఉన్న గోడ మీద, చెట్టు మీద, షాపు బోర్డు మీద కూడా పెట్టకండి. ఎందుకో పైన చెప్పాను.

పాత చీర జరీ అంచు, గాజు పెట్టె మీది పూల కాగితం, రైలు టికెట్ ఇవన్నీ హాయిగా వాడొచ్చు. ప్రసాదం కుంకుమ, సింహాచలం చందనం నేరుగా పేజీకి పూయకండి, నూనె, తేమ దిగి మరక పాకుతుంది. చిన్న కవర్లో వేసి ఆ కవరు అంటించండి. బీచ్ ఇసుక అసలు వద్దు. భీమిలి పేజీకి జిప్ కవర్లో చిటికెడు ఇసుక పెట్టి ఎంత మురిసిపోయానో. సముద్రపు ఉప్పు తేమని లాగుతుంది. శ్రావణం వచ్చేసరికి కవరు లోపల చెమట పట్టి, ఎక్కడో సందు చేసుకుని కారి, కింద రాసిన నాలుగు వాక్యాలూ నీలంగా పాకిపోయాయి.

రాయడం

దీన్ని చాలామంది ఎగ్గొడతారు. చేతిరాత బాగోదంటారు. మీ అమ్మ రాసిన పాత చాకలి పద్దు దొరికితే ఎంత సంబరపడతారో ఆలోచించండి, అందులో చేతిరాత బాగుందని కాదు కదా.

పేజీ మీద నేరుగా రాయకండి, తప్పు పోతే పేజీ పోతుంది. విడి కాగితం మీద రాసి, చిన్న చీటీలా కత్తిరించి అంటించండి. పెన్ను ఇలా పరీక్షించుకోండి: ఒక ముక్క మీద రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, తడి వేలితో రుద్దండి. పాకితే ఆ పెన్ను వద్దు. ఫోటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలే. బాల్‌పెన్ నొక్కితే ముందువైపు గీత తేలుతుంది. తెలుగు అక్షరాల స్టిక్కర్లు నాకు ఎక్కడా దొరకలేదు. ఇంగ్లీషువి అంటించి "బీచ్ డే" అని రాసుకోవడం నాకు నచ్చదు. అందుకే శీర్షికలు కూడా నా వంకర అక్షరాలతోనే.

ఏం రాయాలి? "వైజాగ్ బీచ్, 2019" అని కాదు. అది ఫోటోలోనే కనబడుతోంది. కనబడనిది రాయండి. ఎవరు తీశారు, అంతకుముందు ఏం గొడవ జరిగింది, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. పాత ఫోటోలైతే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని అడగండి. నేరుగా "ఈవిడెవరు?" అంటే "ఏమో, గుర్తులేదమ్మా" అంటారు. "ఈ చీర ఎక్కడిది?" అని అడగండి, పురాణం మొత్తం వస్తుంది. మా అత్తగారు ఒక గ్రూప్ ఫోటోలో ఎవర్నీ పోల్చలేదు. చివరన నిలబడ్డ అమ్మాయి పరికిణీ చూసి మాత్రం "ఏటే, ఇది నా గుడ్డే!" అని లేచి కూర్చున్నారు. అడుగుతున్నప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టుకుంటే రాసుకునే హైరానా ఉండదు.

పూర్తయిన పుస్తకంలో పేజీల మధ్య బటర్ పేపర్ వేయండి. బయటి గోడకి ఆనుకున్న అరలో కాకుండా, బీరువా లోపల అరలో పడుకోబెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు పక్కన పడేయండి, పిల్లలకి అందకుండా. వర్షాకాలం అయ్యాక ఒకసారి పుస్తకం తెరిచి నీడలో గాలికి ఉంచండి.

గుండ్రటి ముఖాల పేజీ ఏమైందని అడుగుతారేమో. తీసెయ్యలేదు. పోయిన వేసవిలో అన్నయ్య వచ్చినప్పుడు దాని ఎదురు పేజీలో ఇంటి ప్లాను గీశాడు. అరుగు, వసారా, వంటిల్లు, వెనక పెరడు, సైకిలు ఆనించే స్తంభం. స్తంభానికి మనవరాలు సైకిలు స్టిక్కర్ వెతికి మరీ తెచ్చింది, దానికి గులాబీ రంగు బుట్ట కూడా ఉంది. పెరట్లో నుయ్యి మాత్రం అన్నయ్య ఎడమవైపు గీశాడు. కుడివైపని నేను. పొద్దున్నే తోముకుంటుంటే ఎండ ముఖం మీద పడేది, నాకు బాగా గుర్తు. గంటసేపు వాదించుకున్నాం. చివరికి రెండువైపులా పెన్సిల్‌తో సున్నాలు చుట్టి వదిలేశాం, సిరా వెయ్యలేదు.